బెల్లం నల్లగా ఉందని వెనక్కి వచ్చిన దిమ్మలు: సహజ పంటపై పండించేవారి మాట, కొనేవారి మాట

సాగరతీరం (విశాఖపట్నం):

మా అపార్టుమెంటులో 64 ఇళ్లు ఉన్నాయి. గత సంక్రాంతికి ముందు సంఘం సమావేశంలో, రసాయన ఎరువులు వేయని తోట నుంచి, రంగు తేలడానికి వేసే హైడ్రోస్ అనే రసాయనం కలపకుండా వండిన బెల్లం నేరుగా రైతు దగ్గర తెప్పించుకుందామని ప్రస్తావిస్తే 41 ఇళ్లవారు చేయెత్తారు. నేల గురించి, నీటి గురించి, పిల్లల ఆరోగ్యం గురించి ఆ రోజు అందరూ మనస్ఫూర్తిగా మాట్లాడారు. నేను అనకాపల్లి వైపు వెళ్లి, ఒక రైతు తోటను, బెల్లం పొయ్యిని కళ్లారా చూసి, 200 కిలోలకు మాట ఇచ్చి వచ్చాను.

దిమ్మలు విప్పేసరికి అవి ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. తొమ్మిది ఇళ్లవారు తీసుకున్నారు. మిగిలినవారిలో కొందరు పాత బెల్లమేమో అన్నారు, కొందరు దేవుడికి నైవేద్యం పెట్టడానికి మనసొప్పడం లేదన్నారు, ఇద్దరు ముగ్గురు తీసుకువెళ్లి మరుసటి రోజు మర్యాదగానే తిరిగి ఇచ్చారు. రైతుకు మొత్తం సొమ్ము ఇచ్చేశాను కనుక ఆయనకు నష్టం కలగలేదు. నా ఆలోచన సొమ్ము గురించి కాదు. సమావేశంలో చేయెత్తిన 41 ఇళ్లవారూ అబద్ధం చెప్పలేదని నేను నమ్ముతున్నాను. మరి చేయెత్తిన మనసుకూ, దిమ్మను చూసి వెనక్కి తగ్గిన కంటికీ మధ్య ఏం జరిగింది? ఈ తిరస్కారం పండించేవారి వరకూ వెళ్లి వారి నిర్ణయాలను ఎలా మారుస్తోంది? రైతులు, వ్యాపారులు, వంట చేసేవారు అందరూ తమ అనుభవం రాయాలని కోరుతున్నాను.

కార్శితోట (మునగపాక మండలం):

సాగరతీరం గారికి నమస్కారం. మీరు కొన్న తోట నాది కాదు గానీ, ఆ రంగు బెల్లం నేనూ వండుతాను కనుక రాస్తున్నాను.

అనకాపల్లి మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడ మా దిమ్మల విలువను నిర్ణయించేది రంగు. మొదటి రకం, మధ్యరకం, మూడో రకం అని మూడు మెట్లు ఉంటాయి. మెరిసే లేత పసుపు మొదటి మెట్టు, ముదురు రంగు చివరి మెట్టు. టన్ను చెరకు ఆడితే సుమారు వంద కిలోల బెల్లం వస్తుంది. ఏడాదంతా పెంచిన తోటకు దక్కే ప్రతిఫలం చివరికి పాకం దించే ఆ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే పెనంలో రసం మరిగేటప్పుడు గుప్పెడు హైడ్రోస్ వేయడం మా ప్రాంతంలో అలవాటుగా మారింది. అది వేస్తే రంగు వెంటనే తేలుతుంది. వేయనివాడు మూడో మెట్టుకు జారిపోతాడు.

ఒక నిజం ఒప్పుకోవాలి. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటి వాడకానికి ఒక పెనం విడిగా, హైడ్రోస్ లేకుండా, బెండ కాండాల జిగురుతో మడ్డి తీసి వండేవాళ్లం. మార్కెట్‌కు వెళ్లేది వేరు, మా పిల్లలు తినేది వేరు. ఈ సంగతి నన్ను చాలా ఏళ్లు వేధించింది. ఆరేళ్ల క్రితం రెండెకరాల్లో హైడ్రోస్‌తో పాటు యూరియా కూడా మానేశాను. అంతకుముందు చెరకు ఆకును తగలబెట్టేవాళ్లం, ఇప్పుడు దాన్ని చాళ్ల మధ్య పరుస్తున్నాను. దానివల్ల తేమ నిలిచి వేసవిలో ఒకటి రెండు తడులు ఆదా అవుతున్నాయి. కానీ కొత్తగా నాటిన మొక్క తోటలో ఎకరాకు 32 టన్నులు చూసిన నేను మొదటి రెండేళ్లు 25 దాటలేదు. నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే కార్శి తోటలో ఇంకా తగ్గింది. నాలుగో ఏడాదికి 29కి చేరాను. దిగుబడి తగ్గిన ఏళ్లలోనే మార్కెట్‌లో ధర కూడా తక్కువ పలికింది. ఆ రెండు దెబ్బలనూ ఒకేసారి తట్టుకోగలిగే రైతులు మా ఊళ్లో ఎక్కువమంది లేరు. రైతుకు నేల మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. ఆ ప్రేమను భరించే స్తోమత ఎవరికి ఉందో చూడాలి.

నేలబడి (బాపట్ల):

వ్యవసాయ శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ చర్చలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి కనుక విడదీసి చెప్పడం అవసరమనిపించింది.

మొదటిది వంటలో కలిపేది. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. అది బెల్లంలో గంధకపు అవశేషాన్ని మిగులుస్తుంది. చెరకు బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు పది లక్షల పాళ్లకు 70 పాళ్లు మించకూడదని ఆహార భద్రతా నిబంధన ఉంది. గుప్పెళ్లతో కొలిచి వేసే చోట ఆ హద్దు నిలుస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు? పైగా హైడ్రోస్‌తో తేలిన రంగు నిలవదు. కొన్ని నెలలకు తేమ పీల్చుకుని అదే బెల్లం నల్లబడుతుంది.

రెండవది పొలంలో వేసేది. నత్రజని ఎరువులో మొక్క వాడుకోకుండా మిగిలిన దానిలో కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలిలో కలుస్తుంది. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మూడవది నీరు, ఆకు తగలబెట్టడం, పొయ్యి పొగ. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ బెల్లం రంగు మనకు చెప్పదు. రంగు చెరకు రకాన్ని బట్టి, నేలలోని ఉప్పును బట్టి, పాకం ఎంతసేపు కాగిందన్న దాన్ని బట్టి మారుతుంది. యూరియా దండిగా వేసిన తోట బెల్లం కూడా హైడ్రోస్ లేకుండా వండితే ముదురుగానే ఉండవచ్చు. కాబట్టి తెలుపును చూసి మంచిదనుకోవడం ఎంత పొరపాటో, నలుపును చూసి సహజమైనదని నమ్మడమూ అంతే పొరపాటు.

దిగుబడి గురించి కార్శితోట గారు దాచకుండా రాసినందుకు వారిని అభినందిస్తున్నాను. శ్రీలంక ప్రభుత్వం 2021 మే నెలలో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి, తేయాకు దిగుబడులు దెబ్బతినడంతో అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గవలసి వచ్చింది. నేలకు సమయం ఇవ్వకుండా, రైతుకు ఆసరా లేకుండా మార్పును రుద్దితే అలాగే జరుగుతుంది. ఇటు మన దగ్గర 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు చేతికందుతోంది, మిగిలిన ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది. పేడ ఎత్తి, మూత్రం పట్టి, వాటితో జీవామృతమనే ద్రవ ఎరువు కలిపే కూలీకి అలాంటి రాయితీ లేదు. సహజ పంట ఖరీదైనదని కొనేవారు అనుకుంటారు గానీ, రసాయన ఎరువుల పంట చౌకగా కనిపించడానికి కారణాల్లో ఇదొకటి.

అరిసెలపాకం (రాజమహేంద్రవరం):

ఇక్కడ రాస్తున్న పెద్దలందరి మీదా గౌరవం ఉంది. అయితే బెల్లం వెనక్కి ఇచ్చిన ఆడవాళ్లకు రంగు పిచ్చి అన్నట్టుగా చర్చ సాగడం న్యాయం కాదు.

నేను రెండేళ్ల క్రితం ఇలాంటి బెల్లమే ఎక్కువ ధర పెట్టి నాలుగు కిలోలు కొన్నాను. అరిసెలకు పాకం పట్టాను. నీళ్లలో వేసి చూస్తే ఉండ కట్టలేదు, జిగురుగా సాగింది. పిండి కలిపాక చలిమిడి నూనెలో విడిపోయింది. తడిపి దంపించిన బియ్యం, నెయ్యి, ఒక పూట శ్రమ అన్నీ వృథా అయ్యాయి. పండగ పూట ఇంటి నిండా బంధువులు ఉన్నప్పుడు అలా జరిగితే, మరుసటి ఏడాది తెలిసిన రంగు బెల్లమే కొనాలనిపించడం సహజం కాదా? ఎంత పచ్చగా ఉంటే పాకం ఎలా వస్తుందో మా చేతులకు అలవాటు. రంగు మాకు అందం కోసం కాదు, పాకం గురించి ముందుగా తెలిసే ఒకే ఒక గుర్తు. దాన్ని వదులుకోమంటే బదులుగా ఇంకో గుర్తు చెప్పాలి.

ధర సంగతి కూడా చెప్తాను. నలుగురున్న మా ఇంట్లో బియ్యం, పప్పు, నూనె, బెల్లం అన్నీ సహజ పంటవే కొంటే నెల ఖర్చు మోయలేం. అందుకని ఒకటి రెండు వస్తువులు ఎంచుకుంటాం. ఏది ఎంచుకోవాలో ఎవరూ చెప్పరు, అన్నీ కొనాలని మాత్రం చెప్తారు.

కార్శితోట (మునగపాక మండలం):

అమ్మా, మీరు చెప్పిన లోపం నిజమే. దానికి కారణం నాకు తెలుసు కనుక చెప్పడం నా బాధ్యత. చెరకు పక్వం దాటినా, నరికిన తర్వాత రెండు మూడు రోజులు ఎండలో పడి ఉన్నా, అందులోని పంచదార విడిపోయి పాకం గట్టిపడదు. బెల్లం మెత్తబడి జిగురు సాగుతుంది. కూలీలు దొరకక నరికిన చెరకు గానుగ దగ్గర నిలిచిపోవడం మాకు తరచూ జరుగుతుంది. హైడ్రోస్ వేసేవారు ఆ లోపాన్ని రంగుతో కప్పేస్తారు. వేయనివారి బెల్లంలో అది బయటపడుతుంది. పాకం తీరును మాత్రం హైడ్రోస్ బాగుచేయదు.

కాబట్టి మీకు ఇంకో గుర్తు చెప్తాను. దిమ్మను విరిచినప్పుడు పెళుసుగా విరిగి, లోపల గరుకుగా పలుకులు కనిపిస్తే అది పాకానికి పనికివస్తుంది, రంగు ఎలా ఉన్నా సరే. వేలితో నొక్కితే దిగిపోయేది పాయసానికి, పులుసుకు వాడుకోవచ్చు గానీ అరిసెలకు వద్దు. ఇకనుంచి ఏ దిమ్మ దేనికి పనికివస్తుందో నేనే చీటీ రాసి పంపుతాను. ఇన్నేళ్లూ ఈ ఆలోచన నాకు రానందుకు మీరు మన్నించాలి.

జొన్నచేను (జహీరాబాద్):

బెల్లం రంగు గురించి చదువుతుంటే మా దిక్కు జొన్నల కథ గుర్తుకొచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. పేదల ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టను. కానీ తెల్లన్నం గౌరవానికి గుర్తయి, జొన్నరొట్టె లేమికి గుర్తయింది. మా మెట్ట నేలల్లో ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుములు, కుసుమ కలిపి వేసే అలవాటు తగ్గిపోయి చాలా భూములు బీడుపడ్డాయి. తినే కంచం మారితే చేను మారుతుందని మేము చూసి తెలుసుకున్నాం.

పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల్లో ఆ బీళ్లను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు ఇచ్చాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతుంటే ముసలమ్మలు ఎదురొచ్చి మొక్కుతారు. అక్కడ పండించేవారూ తినేవారూ ఒక్కరే కనుక ఎవరి నమ్మకాన్నీ ఎవరూ కొనవలసిన అవసరం రాలేదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరంలో గిరాకీ పెరిగింది. సంతోషమే. అయితే హైదరాబాద్ నుంచి వచ్చేవారు ఎక్కువగా చక్కెర వ్యాధికి మందుగా కొర్రలు అడుగుతారు, అవి కూడా బియ్యంలా తెల్లగా కావాలంటారు. తెల్లగా చేయాలంటే తవుడు మొత్తం తీసేయాలి. తవుడు తీస్తే వారు కోరి వచ్చిన పీచు పోతుంది. మందుగా కొనేవారు వ్యాధి తగ్గిందనుకున్న రోజు మానేస్తారు. వారిని నమ్ముకుని రైతు మూడేళ్ల పంట ఆలోచన చేయలేడు.

కాటాపట్టు (అనకాపల్లి):

నేను బెల్లం వ్యాపారిని. ఈ చర్చలో మా మాట కూడా ఉండాలని రాస్తున్నాను. రంగు చూసి ధర కట్టేది మేమే, ఆ సంగతి దాచను. మా దగ్గర కొనే దుకాణదారు ఫోన్‌లో అడిగే మొదటి మాట రంగు. ముదురు బెల్లం వానాకాలంలో చెమ్మ పట్టి కారితే నష్టం మాది. దానికి తోడు ఈ మధ్య ఇంకో మోసం మొదలైంది. పాతబడి నల్లబడిన మామూలు బెల్లాన్ని సహజ బెల్లమని కాగితం చుట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నిజంగా కష్టపడి వండిన రైతుకు దీనివల్ల కలిగే నష్టం హైడ్రోస్ వల్ల కలిగేదానికి తక్కువేమీ కాదు. నేను స్వయంగా ఇద్దరు రైతుల సరుకును రెండేళ్లు విడిగా అమ్మి చూశాను. నగరంలోని ఒక దుకాణంలో దాని ధర మా ధరకు రెండింతలుంది. ఆ తేడాలో రైతుకు చేరింది కిలోకు ఎనిమిది రూపాయలే.

గుర్తింపు (హైదరాబాద్):

కాటాపట్టు గారు చెప్పిన దాన్నే కొనేవాడి వైపు నుంచి అడుగుతున్నాను. నేను ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధమే. ఆ ధర రైతుకు చేరుతుందని, సరుకు చెప్పినట్టే ఉందని నాకు తెలిసేదెలా? ప్రతి సంచీ మీదా ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటోంది. వాటిలో చట్టబద్ధమైనది ఏది?

నేలబడి (బాపట్ల):

గుర్తింపు గారూ, ఆకు బొమ్మకు విలువ లేదు. చూడవలసినది ప్రభుత్వం గుర్తించిన సేంద్రియ ముద్ర. దాని వెనుక రెండు పద్ధతులున్నాయి. ఒకటి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. ఇందులో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది, ఎగుమతులకు ఇదే ఆధారం, చిన్న రైతుకు ఖర్చు భారం. రెండవది పీజీఎస్ ఇండియా. ఇందులో ఇరుగుపొరుగు రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు పరిశీలిస్తారు. మార్పు దశలో ఉన్న పొలానికి పీజీఎస్ గ్రీన్, ఆ దశ దాటాక పీజీఎస్ ఆర్గానిక్ అనే గుర్తింపు వస్తుంది. ఆ మార్పు దశ గురించి కొనేవారు ఎక్కువగా తెలుసుకోవాలి. దిగుబడి పడిపోయేది అప్పుడే, ఎక్కువ ధర రానిదీ అప్పుడే. ఎవరైనా నిజంగా సాయపడదలిస్తే గ్రీన్ ముద్ర ఉన్న సరుకును ఎంచుకుని కొనాలని నా అభిప్రాయం. 2017 నాటి ఆహార నిబంధనల్లో, నేరుగా వినియోగదారుకు అమ్మే చిన్న రైతుకు ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు కూడా ఉంది. అంటే కార్శితోట గారి లాంటి రైతు ఏ ముద్రా లేకుండా సాగరతీరం గారి లాంటివారికి అమ్మడం తప్పేమీ కాదు. కాకపోతే అక్కడ ముద్ర చేయవలసిన పనిని పరిచయం చేయాలి.

నవధాన్యం (అనంతపురం జిల్లా):

మా మహిళా సంఘంలో ఎనిమిదేళ్లుగా ప్రకృతి సేద్యం చేస్తున్నాం. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016లో మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమం మా ఊరికి ఆ తర్వాత వచ్చింది. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చిందని విన్నప్పుడు సంతోషించాం. అయితే మేము ఇందులోకి పర్యావరణం కోసం రాలేదని నిజాయతీగా చెప్పాలి. పురుగుమందుల అప్పు భయంతో వచ్చాం. ఖమ్మం వైపు పునుకుల గ్రామం 2000ల తొలి ఏళ్లలో పురుగుమందులు మానేసినప్పుడు కూడా ఆడవాళ్లు ముందుకు వచ్చింది అప్పులూ అనారోగ్యమూ చూసి విసిగిపోయాకే అని మాకు శిక్షణలో చెప్పారు. వేప కషాయం, వాసనతో పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు వాడటం మేమూ అక్కడి అనుభవం నుంచే నేర్చుకున్నాం.

నేల సంగతి తర్వాత అర్థమైంది. వానలకు ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లి, నేలను ఏడాదంతా పచ్చగా ఉంచితే మొదటి వాన నీరు కొట్టుకుపోకుండా ఇంకడం మేము చూశాం. ఇప్పుడు ఎవరైనా యూరియా ఉచితంగా ఇచ్చినా మా చేలో వేయం. అందుకని నేనేమంటానంటే, కొనేవారు ఏ కారణంతో మొదలుపెట్టినా తప్పుపట్టవద్దు. చక్కెర వ్యాధి కోసం కొర్రలు కొన్నా సరే, పిల్లల కోసం బెల్లం కొన్నా సరే. జొన్నచేను గారు చెప్పిన భయం నాకూ ఉంది, కానీ మేము కూడా స్వార్థంతో మొదలై ఇక్కడికి చేరినవాళ్లమే.

అరిసెలపాకం అక్క ఏది ఎంచుకోవాలని అడిగారు. మా లెక్క ప్రకారం, మీ ఇంట్లో ఎక్కువగా వాడే ఒక్క వస్తువును తీసుకుని ఏడాదంతా ఒకే రైతు దగ్గర కొనండి. పది రకాలు ఒక్కసారి కొనేవారి కంటే ఒక్క రకం పదిసార్లు కొనేవారే మాకు ధైర్యం.

సాగరతీరం (విశాఖపట్నం):

అందరికీ కృతజ్ఞతలు. అరిసెలపాకం గారి మాట చదివాక నా తప్పు నాకు కనిపించింది. తోట చూసింది నేను, పొయ్యి చూసింది నేను, చేయెత్తిన 41 ఇళ్లవారు చూసింది మాత్రం గోనెలోంచి తీసిన నల్లని దిమ్మ. వారికి నేను ఏ గుర్తూ ఇవ్వలేదు.

మా సంఘంలో మళ్లీ మాట్లాడాను. ఈసారి చేతులెత్తమని అడగలేదు. ఆదివారం గానుగ చూడటానికి వస్తామన్న పద్నాలుగు కుటుంబాలు పేర్లు ఇచ్చాయి. వారిలో అప్పుడు బెల్లం వద్దన్నవారు అయిదుగురు ఉన్నారు. కార్శితోట గారూ, మీ గానుగ ఎప్పుడు మొదలవుతుంది? సగం సొమ్ము ముందుగా ఇవ్వగలం. ధర మీరే చెప్పండి, మార్కెట్ ధర పడిపోయినా దాన్ని తగ్గించమని అడగబోము.

కార్శితోట (మునగపాక మండలం):

డిసెంబరు రెండో వారంలో మొదలుపెడతాను. మీరు వచ్చే రోజు తెల్లవారుజామునే రావాలి. తెల్లవారకముందు నరికిన చెరకును ఆ పూటే ఆడి, ఎండెక్కేలోపు మొదటి పెనం దించుతాను. ముందు సొమ్ము సగం అవసరం లేదు, పావు వంతు చాలు, అది నరికే కూలీలకు సరిపోతుంది. ధర నాలుగు రోజుల్లో లెక్క వేసి చెప్తాను. ఖర్చుల కాగితం కూడా పెడతాను, చదివి అడగవలసినవి అడగండి.

ఒక్క మనవి. పక్వానికి రాని మూల ఒకటి తోటలో ఉంది, అక్కడి బెల్లం ఇంకా ముదురుగా వస్తుంది. దాన్ని విడిగా కట్టి, పులుసుకు మాత్రమే అని చీటీ రాస్తాను. అది తీసుకోవడం తీసుకోకపోవడం మీ ఇష్టం.

అరిసెలపాకం (రాజమహేంద్రవరం):

విశాఖలో మా అక్కయ్య ఇల్లు ఉంది. ఆ ఆదివారం నేనూ వస్తాను. బియ్యం ముందురోజు నానబెట్టి, దంపించిన తడిపిండి తెస్తాను. మొదటి పెనం దిగగానే అక్కడే పాకం పట్టి చూద్దాం.